చిన్న కళాశాలల క్రీడావ్యవస్థ – ప్రవేశం కోరే క్రీడాకారుల అంచనా: తిరువూరు ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంటర్మీడియెట్ పూర్తిచేసి డిగ్రీలో చేరబోయే క్రీడాకారులు తమ ఊరికి దగ్గరలోని చిన్న కళాశాలను ఏ ఆధారాలతో అంచనా వేయవచ్చునో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని, అంతర కళాశాల పోటీల నుండి అంతర విశ్వవిద్యాలయ పోటీల వరకు ఉన్న నిర్మాణాన్ని, ధ్రువపత్రాల విలువను, కళాశాల ప్రకటించే సమాచారాన్ని చదవవలసిన తీరును, మైదానం, ఫిజికల్ డైరెక్టరు, ప్రయాణం వంటి అంశాలను వివరిస్తుంది.

కీలక పదాలు: విద్యార్థి క్రీడాకారులు, అనుబంధ కళాశాలలు, అంతర విశ్వవిద్యాలయ పోటీలు, ఫిజికల్ డైరెక్టరు, క్రీడా కోటా, తిరువూరు.

1. ఉపోద్ఘాతం

తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలో తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న పట్టణం. విజయవాడ నుండి జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి దీని మీదుగా సాగుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు ఇది కృష్ణా జిల్లా నుండి కొత్త జిల్లాలోకి వచ్చి, రెవెన్యూ డివిజన్ కేంద్రమయింది. జిల్లా మారింది గాని విశ్వవిద్యాలయం మారలేదు. ఇక్కడి డిగ్రీ కళాశాలలకు నేటికీ మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయమే అనుబంధ విశ్వవిద్యాలయం. తిరువూరు నుండి మచిలీపట్నానికి సుమారు 140 కిలోమీటర్లు. క్రీడల విషయంలో ఈ దూరం ఎంత ముఖ్యమో ముందు చూడగలం.

ప్రవేశాల కాలంలో విద్యార్థులు, వారి తల్లిదండ్రులు అధ్యాపకులను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. ఏ కోర్సు ఉంది, ఫీజు ఎంత, రీయింబర్స్‌మెంట్ వస్తుందా, హాస్టలు ఉందా అని అడుగుతారు. జిల్లా స్థాయిలో కబడ్డీయో వాలీబాలో ఆడి వచ్చిన విద్యార్థి మాత్రం ఫైలులో ధ్రువపత్రాలు పెట్టుకొని పక్కన నిలబడి ఉంటాడు. చివరకు “మీ కాలేజీలో గేమ్స్ ఉన్నాయా, సార్?” అని ఒక్క మాట అడుగుతాడు. “ఉన్నాయమ్మా” అని మనమూ ఒక్క మాటే చెబుతాం. అడిగిన ప్రశ్నా సరైనది కాదు, చెప్పిన జవాబూ సరైనది కాదు. ఆటలు లేని కళాశాల ఎక్కడా ఉండదు. అక్కడ చేరితే మూడు నాలుగేళ్లలో తన ఆట ఎంతవరకు వెళ్లగలదన్నది అతడు తెలుసుకోవలసిన విషయం. ఆ ప్రశ్నకు జవాబు ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే అధ్యాపకుడు కూడా మరింత నిజాయితీగా సలహా ఇవ్వగలడు.

2. ‘వర్సిటీ’ అన్న మాటకు రెండు అర్థాలు

‘యూనివర్సిటీ’ అన్న పదం కుదించుకుపోయి ‘వర్సిటీ’ అయింది. అమెరికాలో ఒక కళాశాల ప్రధాన జట్టును వర్సిటీ జట్టు అంటారు. అక్కడ వెయ్యి మంది విద్యార్థులున్న చిన్న కళాశాల కూడా తన పేరుతో, తన శిక్షకునితో, తన పోటీల పట్టికతో ఆడుతుంది. ఎన్‌సీఏఏ సంస్థలోని మూడవ డివిజన్‌లో ఇలాంటి కళాశాలలు 400కు పైగా ఉన్నాయి. వాటిలో క్రీడా ప్రతిభ ఆధారంగా ఉపకార వేతనాలు ఇవ్వరాదన్నది నియమం. అక్కడి విద్యార్థి కళాశాలను ఎంచుకున్నాడంటే జట్టును, శిక్షకుణ్ణి కూడా ఎంచుకున్నట్టే.

మన వ్యవస్థలో ‘వర్సిటీకి ఆడాడు’ అంటే కళాశాల జట్టుకు ఆడాడని కాదు, విశ్వవిద్యాలయ జట్టుకు ఆడాడని అర్థం. కళాశాల జట్టు అంతర కళాశాల పోటీలతో ఆగిపోతుంది. ఆపై మెట్టున ఆడేది విశ్వవిద్యాలయమే. కనుక అంతర్జాలంలో దొరికే అమెరికా తరహా సలహాలు ఇక్కడి విద్యార్థికి సగమే ఉపయోగపడతాయి. తిరువూరులో చేరబోయే క్రీడాకారిణి రెండు సంస్థలను ఒకేసారి అంచనా వేయాలి. మొదటిది తాను రోజూ వెళ్లే కళాశాల, రెండవది తనను జట్టులోకి తీసుకోవలసిన విశ్వవిద్యాలయం.

3. పోటీల నిచ్చెన

అనుబంధ కళాశాలలన్నీ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో జరిగే అంతర కళాశాల పోటీలలో పాల్గొంటాయి. ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క కళాశాల ఆతిథ్యమిస్తుంది. సాధారణంగా ఆ పోటీలతోపాటే విశ్వవిద్యాలయ జట్టు ఎంపిక కూడా సాగుతుంది. ఎంపికైనవారికి కొద్దిరోజుల శిక్షణ శిబిరం నిర్వహించి జట్టును దక్షిణ మండల పోటీలకు పంపుతారు. ఈ పోటీల నిర్వహణ బాధ్యత భారత విశ్వవిద్యాలయాల సంఘానిది. 1925లో అంతర విశ్వవిద్యాలయ మండలిగా మొదలైన సంస్థ ఇది. జట్టు క్రీడలలో ఎక్కువ భాగం మండల స్థాయిలో మొదటి నాలుగు స్థానాలు పొందిన జట్లు అఖిల భారత స్థాయికి వెళతాయి. అక్కడ ముందు వరుసలో నిలిచినవారికి ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలలో అవకాశం లభిస్తుంది. ఆ క్రీడలు మొదటిసారి 2020లో భువనేశ్వర్‌లో జరిగాయి. వీటన్నిటిలో ఏటా మంచి ఫలితాలు సాధించిన విశ్వవిద్యాలయానికి మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ ఇస్తారు.

ఈ నిచ్చెనలో చిన్న కళాశాల విద్యార్థికి అనుకూలమైన అంశం ఒకటుంది. ప్రతికూలమైనదీ ఒకటుంది.

కళాశాల జట్టు మొదటి రౌండులోనే ఓడినా ఒక క్రీడాకారుడు ఎంపికదారుల కంట పడవచ్చు. జట్టు బలహీనమైనంత మాత్రాన వ్యక్తికి దారి మూసుకుపోదు. పరుగు, జంప్, త్రో, వెయిట్ లిఫ్టింగ్ వంటి వ్యక్తిగత అంశాలలో జట్టుతో అసలు పనే లేదు, కాలమో దూరమో బరువో మాట్లాడుతుంది. చిన్న కళాశాలలో చేరదలచిన అథ్లెట్‌కు ఇది ఊరట కలిగించే విషయం. కబడ్డీ, ఖోఖో క్రీడాకారుల పరిస్థితి వేరు. మొదటి మ్యాచ్‌లోనే జట్టు వెనుదిరిగితే ఎంపికదారులు అతనిని చూసేది ఆ నలభై నిమిషాలే. కబడ్డీలో జట్టుకు 12 మంది, బరిలో 7గురు. విశ్వవిద్యాలయ పరిధిలోని కళాశాలలన్నిటి నుండి ఆ పన్నెండు మందిలో ఒకరు కావాలి. అందువల్ల జట్టు క్రీడాకారుడు గత మూడేళ్లలో ఆ కళాశాల జట్టు ఎన్ని మ్యాచ్‌లు ఆడిందో తప్పక తెలుసుకోవాలి. ‘పాల్గొన్నాం’ అన్న మాట దీనికి సమాధానం కాదు.

డీమ్డ్ విశ్వవిద్యాలయాల స్థితి మరొక రకం. ప్రపంచస్థాయి విలువిద్య క్రీడాకారిణి జ్యోతి సురేఖ వెన్నం చదివిన కేఎల్ విశ్వవిద్యాలయం అటువంటిది. అక్కడి విద్యార్థి విశ్వవిద్యాలయ జట్టులో చోటు కోసం తన ప్రాంగణాలలోని వారితో పోటీపడితే చాలు. అనుబంధ కళాశాల విద్యార్థి విశ్వవిద్యాలయ పరిధిలోని కళాశాలలన్నిటితో పోటీపడాలి. ఈ తేడా ఫీజుల తేడాలో ఎంతో కొంత కనబడుతుందేమో గాని ప్రవేశ ప్రకటనలలో మాత్రం కనబడదు. ఇంజనీరింగులో చేరేవారికి అనుబంధ విశ్వవిద్యాలయం కాకినాడలోని జేఎన్‌టీయూ అవుతుంది కనుక వారి ఎంపిక పోటీలు, పోటీదారులు కూడా మారతారు. సరిహద్దు దాటి సత్తుపల్లి వైపు చేరితే కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోకి వెళతారు. అప్పుడు ఆటతోపాటు స్థానికత, ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రశ్నలు కూడా ముందుకు వస్తాయి.

వయస్సు కూడా లెక్కలోకి తీసుకోవాలి. అంతర విశ్వవిద్యాలయ పోటీలకు సాధారణ వయోపరిమితి 17 నుండి 25 సంవత్సరాలు. రెగ్యులర్ విద్యార్థులకే అర్హత, దూరవిద్యలో చేరినవారికి లేదు. కుటుంబ అవసరాల కోసం ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేద్దామనుకునే క్రీడాకారులు ఈ ఒక్క నియమం తెలియక విశ్వవిద్యాలయ క్రీడలకు దూరమవుతారు.

4. ధ్రువపత్రం విలువ

గ్రామీణ కుటుంబాలలో ఆటను కొనసాగించాలా మానాలా అన్న నిర్ణయం చాలావరకు ఉద్యోగం చుట్టూనే తిరుగుతుంది. దీనిని తక్కువ చేసి చూడనక్కరలేదు. కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటా నియామకాలలో వేర్వేరు ధ్రువపత్ర నమూనాలు ఉన్నాయి. దేశానికి ఆడినవారికి మొదటిది, రాష్ట్రానికి ఆడినవారికి రెండవది, అంతర విశ్వవిద్యాలయ పోటీలలో విశ్వవిద్యాలయానికి ఆడినవారికి మూడవది, జాతీయ పాఠశాల క్రీడలలో రాష్ట్ర పాఠశాలల జట్టుకు ఆడినవారికి నాలుగవది. మూడవ నమూనాపై సంతకం చేయవలసింది విశ్వవిద్యాలయ క్రీడా విభాగాధిపతి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన 2024–29 క్రీడా విధానంలో ఉద్యోగాలలో క్రీడా రిజర్వేషన్‌ను 2 శాతం నుండి 3 శాతానికి పెంచింది.

కేంద్రం నమూనాలలో అంతర కళాశాల పోటీల పతకానికి చోటు లేదు. కళాశాల వరండాలో అద్దాల బీరువా నిండా ఉన్న కప్పులలో అధికభాగం ఈ స్థాయివే. అవి గర్వకారణాలే, కాదనలేము. అయితే ప్రవేశం కోరే విద్యార్థి ఆ బీరువా ముందు నిలబడి వేసుకోవలసిన ప్రశ్న వేరు. ఇక్కడి నుండి గత అయిదేళ్లలో ఎంతమంది విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికయ్యారు? ఏ ఆటల్లో? వారిలో అమ్మాయిలు ఎందరు? ఈ మూడు ప్రశ్నలకు పేర్లతో సహా వెంటనే జవాబు వచ్చే కళాశాలలో క్రీడలు జీవించి ఉన్నాయని నమ్మవచ్చు.

5. ప్రకటనలను చదవవలసిన తీరు

కళాశాల కరపత్రాలలో క్రీడల గురించి ఉండే వాక్యాలు దాదాపు అన్నిచోట్లా ఒకటే. ‘విశాలమైన క్రీడా ప్రాంగణం’, ‘ఆధునిక వ్యాయామశాల’, ‘అనుభవజ్ఞులైన శిక్షకులు’ వంటి పదబంధాలే కనిపిస్తాయి. భాషా విద్యార్థిగా చూస్తే వీటిలో విశేషణాలు పుష్కలం, క్రియలు కరవు. ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు, ఎవరికి శిక్షణ ఇస్తారో చెప్పే క్రియాపదం ఒక్కటి కూడా కనిపించదు.

కరపత్రం కన్నా మేలైన ఆధారం న్యాక్‌కు సమర్పించే స్వయం అధ్యయన నివేదిక, వార్షిక నాణ్యతా నివేదిక. గుర్తింపు పొందిన కళాశాలలు వీటిని తమ వెబ్‌సైట్లలో ఉంచుతాయి. ఎవరైనా చదువుకోవచ్చు. నాలుగవ ప్రమాణంలో క్రీడా సౌకర్యాల వివరం, అయిదవ ప్రమాణంలో గత అయిదేళ్లలో వచ్చిన పతకాల వివరం ఉంటాయి. వాటికి జతపరచిన ధ్రువపత్రాల నకళ్లు అసలు నివేదిక కన్నా ఎక్కువ చెబుతాయి. తేదీ, స్థాయి, ఆట, విద్యార్థి చదివిన సంవత్సరం అన్నీ అక్కడ కనబడతాయి.

అయితే ఈ కొలమానానికి పరిమితులున్నాయి. క్రీడా పతకాలను, సాంస్కృతిక బహుమతులను ఒకే లెక్కలో చూపుతారు. ఏకపాత్రాభినయంలో వచ్చిన బహుమతి, షాట్‌పుట్‌లో వచ్చిన పతకం ఒకే సంఖ్యలో కలిసిపోతాయి. జట్టు క్రీడలో వచ్చిన పతకాన్ని ఒకటిగానే లెక్కించాలన్నది నియమం. ఆ ప్రకారం పన్నెండు మంది సాధించిన కబడ్డీ కప్పు, ఒక్కరు గెలిచిన పరుగు పందెం సమానం. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒకే ప్రతిభావంతుడైన అథ్లెట్ మూడేళ్లలో తెచ్చిన తొమ్మిది పతకాలు తొమ్మిదిగానే లెక్కకు వస్తాయి. అతడు డిగ్రీ ముగించి వెళ్లిన మరుసటి ఏడు పట్టిక ఖాళీ అయితే, ఆ పతకాలు అతడి ప్రతిభ వల్ల, బహుశా మరెక్కడో పొందిన శిక్షణ వల్ల వచ్చినవని, కళాశాల క్రీడావ్యవస్థ వల్ల వచ్చినవి కావని గ్రహించాలి. కనుక సంఖ్యను చూడక ఏటేటా పేర్లు మారుతున్నాయా లేదా అన్నది చూడాలి.

6. మైదానం – ఫిజికల్ డైరెక్టరు

మైదానం విస్తీర్ణాన్ని చూసి మురిసిపోవడం మనందరికీ ఉన్న అలవాటు. నిజానికి అన్ని ఆటలకూ అంత స్థలం అక్కరలేదు. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. కబడ్డీ బరి పురుషులకు 13 × 10 మీటర్లు, మహిళలకు 12 × 8 మీటర్లు. చిన్న ప్రాంగణంలో కూడా ఈ రెండూ చక్కగా అమరుతాయి. 400 మీటర్ల ట్రాక్‌కు మాత్రం ఎకరాల స్థలం కావాలి. కనుక చిన్న కళాశాల అన్ని ఆటలూ ఉన్నాయని చెబితే సందేహించాలి. రెండు ఆటలే ఉన్నాయని, వాటిలో రోజూ సాధన జరుగుతుందని చెబితే ఆలకించాలి.

సాయంత్రం నాలుగున్నర గంటలకు, ముందుగా చెప్పకుండా, ఆ మైదానానికి వెళ్లి చూడడం కన్నా మంచి పరీక్ష లేదు. గీతలు కొత్తగా వేసి ఉన్నాయా? గడ్డి మోకాలి ఎత్తు పెరిగిందా? నెట్ స్తంభాలకు ఎవరైనా బట్టలు ఆరవేశారా? ఆడుతున్నవారు కళాశాల విద్యార్థులా, ఊరి కుర్రాళ్లా? ఊరి కుర్రాళ్లయినా మంచిదే. సీనియర్లతో ఆడితే ఆట పదునెక్కుతుంది. ఎవరూ లేకపోతేనే ఆలోచించాలి. కబడ్డీ విషయంలో మరొక అంశం ఉంది. పై స్థాయి పోటీలు మ్యాట్‌పై జరుగుతాయి. మట్టిలో నేర్చిన కాలి పట్టు మ్యాట్‌పై జారుతుంది, బూట్లతో ఆడడం కొత్తగా ఉంటుంది. చిన్న కళాశాల సొంతంగా మ్యాట్ కొనలేకపోవచ్చు. పోటీలకు ముందు వారం రోజులైనా మ్యాట్ ఉన్నచోటికి జట్టును తీసుకువెళతారా అన్నది అడగదగిన ప్రశ్న.

చిన్న కళాశాలలో క్రీడావ్యవస్థ అంటే చాలావరకు ఒకే ఒక వ్యక్తి. ఆ వ్యక్తి ఫిజికల్ డైరెక్టరు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఈ పదవికి వ్యాయామ విద్యలో పీజీ, నెట్ వంటి అర్హతలతోపాటు శారీరక దారుఢ్య పరీక్ష కూడా ఉంది. 30 ఏళ్లలోపు పురుషులు 12 నిమిషాలలో 1800 మీటర్లు, మహిళలు 8 నిమిషాలలో 1000 మీటర్లు పూర్తిచేయాలి. (తెలుగు అధ్యాపక పదవికి ఇటువంటి పరీక్ష లేనందుకు మనలో చాలామందిమి సంతోషించాలి.) నియామక నిబంధన ఇంత కచ్చితంగా ఉన్నా పదవి భర్తీ అయి ఉందా అన్నది వేరే ప్రశ్న. ఖాళీగా ఉన్నచోట ఏదో ఒక సబ్జెక్టు అధ్యాపకునికి ‘క్రీడల ఇన్‌ఛార్జి’ అన్న అదనపు బాధ్యత అప్పగిస్తారు. ఆ అధ్యాపకుడు ఎంత మంచి మనసున్నవాడైనా, చేయగలిగేది పేర్లు పంపడం, బస్సు ఛార్జీల బిల్లులు పెట్టడం. శిక్షణ వేరు.

పీడీ ఉన్నచోట కూడా ఆయనకో ఆమెకో అన్ని ఆటలూ రావు. సాధారణంగా ఒక ఆటలో లోతైన అనుభవం, రెండు మూడింటిలో పరిచయం ఉంటాయి. ఆ ఒక్క ఆట విద్యార్థి ఆటతో కలిస్తే, వందల మంది క్రీడాకారులున్న పెద్ద సంస్థ కన్నా ఈ చిన్న కళాశాలే మేలు కావచ్చు. అక్కడ పదిహేను మందిలో ఒకడిగా బెంచీపై కూర్చునేవాడు ఇక్కడ మొదటి ఏడాదే బరిలో దిగుతాడు. ఆటగాడు ఎదిగేది బరిలోనే. ఇది చిన్న కళాశాలల నిజమైన బలమని నా అభిప్రాయం. కాని ఆ బలమంతా ఒక్క మనిషిపై నిలిచి ఉంది. బదిలీ ఉత్తర్వు వస్తే అంతా మారిపోతుంది. కనుక ప్రభుత్వ కళాశాలలో ఆ పీడీ చేరి ఎన్నేళ్లయిందో అడగడం అమర్యాద కాదు.

7. మూడబిదిరె ఉదాహరణ

చిన్న ఊరి కళాశాల క్రీడలలో ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి కర్ణాటక దక్షిణ కన్నడ జిల్లాలోని మూడబిదిరె మంచి ఉదాహరణ. జైన బసదులకు పేరుపొందిన ఆ చిన్న పట్టణంలో ఆళ్వాస్ విద్యాసంస్థలు క్రీడాకారులను దత్తత తీసుకొని ఉచితంగా చదివిస్తాయి. వారి బలంతో మంగళూరు విశ్వవిద్యాలయం అఖిల భారత అథ్లెటిక్స్‌లో పలుమార్లు ముందు నిలిచింది. ఊరి పరిమాణం అడ్డంకి కాదని దీనివల్ల తెలుస్తుంది. వసతి, ఆహారం, శిక్షకులు, ట్రాక్ అన్నీ ఒక యాజమాన్యం ఏళ్ల తరబడి భరించడం వల్ల ఇది సాధ్యమయింది. ఏదో ఒక ఏడాది పోటీలు నిర్వహించి ఫ్లెక్సీ కట్టినంత మాత్రాన వచ్చే ఫలితం కాదు.

తెలుగువారికి ఆ ఊరితో మరొక ముడి ఉంది. 2020 జనవరిలో అక్కడ జరిగిన అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్‌లో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో పూర్తిచేసింది. అప్పటి జాతీయ రికార్డు 2002లో అనురాధా బిస్వాల్ నెలకొల్పిన 13.38 సెకన్లు. అయినా ఆ పరుగు జాతీయ రికార్డుగా నమోదు కాలేదు. అక్కడ జాతీయ సంస్థ ఆమెకు డోపింగ్ పరీక్ష నిర్వహించలేదు, జాతీయ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి హాజరు కాలేదు. చివరకు 2022 మే నెలలో సైప్రస్‌లో 13.23 సెకన్లతో ఆమె పేరు రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. తక్కువ కాలంలో పరుగెత్తినది లెక్కకు రాలేదు, ఎక్కువ కాలం తీసుకున్నది లెక్కకు వచ్చింది. అఖిల భారత స్థాయిలోనే ఇలా జరిగినప్పుడు, కింది స్థాయి పోటీలలో చేతి గడియారంతో నమోదైన కాలాలను ఎంతవరకు నమ్మవచ్చో విద్యార్థి ఆలోచించుకోవాలి. జ్యోతి శిక్షణలో ప్రధానభాగం హైదరాబాదు, భువనేశ్వర్ వంటి కేంద్రాలలో సాగింది. అంటే విద్యార్థి పేరు నమోదైన చోటు, శిక్షణ పొందే చోటు ఒకటే కానక్కరలేదు. వ్యక్తిగత క్రీడాకారులకు ఇది ఆచరణయోగ్యమైన మార్గం. కళాశాల చేయవలసిందల్లా అనుమతి ఇవ్వడం, హాజరు విషయంలో సహకరించడం.

8. బస్సు, అమ్మాయిలు, హాజరు

తిరువూరు చుట్టుపక్కల గ్రామాల నుండి రోజూ వచ్చిపోయే విద్యార్థికి సాధన సమయాన్ని నిర్ణయించేది పీడీ కాదు, ఊరికి వెళ్లే చివరి బస్సు. తరగతులు ముగిసి ఆట మొదలయ్యే వేళకు బస్సు కదిలిపోతుంది. 2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీశక్తి పథకం వల్ల అమ్మాయిలకు ఆర్టీసీ ప్రయాణ ఖర్చు తగ్గింది గాని బస్సు వేళ మారలేదు. ఉదయం తరగతులకు ముందు సాధన ఉన్న కళాశాల, లేదా టైంటేబుల్‌లోనే ఆటల పీరియడును నిజంగా ఆటలకే వదిలే కళాశాల ఈ విద్యార్థినులకు పనికివస్తుంది. బట్టలు మార్చుకోవడానికి గది ఉందా, బయటి పోటీలకు అమ్మాయిల జట్టుతో మహిళా అధ్యాపకురాలు వెళతారా అన్నవి తల్లిదండ్రులు అడగక ముందే కళాశాల చెప్పవలసిన సంగతులు. ఎంపిక పోటీలు మచిలీపట్నంలో జరిగితే ఉదయం ఎనిమిదింటికి అక్కడ ఉండాలంటే ముందురోజే బయలుదేరాలి. ఆ రాత్రి బస ఎక్కడ, భోజనం ఖర్చు ఎవరిది? విద్యార్థులు ఏటా చెల్లించే క్రీడా రుసుము ఇటువంటి వాటికోసమే. దానిని దేనికి ఖర్చుపెడుతున్నారని మర్యాదగా అడిగే హక్కు వారికి ఉంది.

గాయాల గురించి అడిగేవారు అరుదు. కబడ్డీలో మోకాలి స్నాయువు తెగితే నెలల తరబడి విశ్రాంతి, ఖర్చుతో కూడిన చికిత్స తప్పవు. మంచి ఫిజియోథెరపీ కోసం చాలావరకు విజయవాడకే వెళ్లాలి. కళాశాలకు విద్యార్థుల బీమా ఉందో లేదో చేరేముందే తెలుసుకోవాలి.

ఇక హాజరు. సెమిస్టరు విధానంలో 75 శాతం హాజరు తప్పనిసరి. శిక్షణ శిబిరం, ప్రయాణం, పోటీలు కలిపితే రెండు మూడు వారాలు ఇట్టే గడిచిపోతాయి. ఆ రోజులను ఆన్ డ్యూటీగా లెక్కిస్తారా, అంతర్గత పరీక్ష తప్పితే మళ్లీ పెడతారా, ప్రయోగ తరగతుల సంగతి ఏమిటి అన్న ప్రశ్నలకు పీడీ ‘చూసుకుందాం’ అనవచ్చు. ఆ మాటను ప్రిన్సిపాల్ నోట, వీలైతే గత ఏడాది ఆడివచ్చిన సీనియరు నోట కూడా వినాలి. చిన్న కళాశాలలో ఆ సీనియరును కనుగొనడం కష్టం కాదు, క్యాంటీనులో ఎవరినడిగినా చూపిస్తారు. అతడు ఏ బూట్లతో ఆడాడో, కిట్ ఎప్పుడు ఇచ్చారో, టీఏ డబ్బులు చేతికి వచ్చాయో లేదో, వదిలేసిన పేపరు మళ్లీ ఎప్పుడు రాశాడో పది నిమిషాలలో చెబుతాడు.

డిగ్రీ ప్రవేశాలు 2020 నుండి ఓఏఎండీసీ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. క్రీడా విభాగం కింద దరఖాస్తు చేసేవారు ధ్రువపత్రాల పరిశీలనకు హాజరై, ఆ తరువాత వెబ్ ఆప్షన్లు ఇవ్వాలి. ఈ రెంటి మధ్య వ్యవధి ఎక్కువ ఉండదు. మైదానం చూడడం, పీడీని కలవడం, సీనియరుతో మాట్లాడడం ఇంటర్ పరీక్షలు ముగిసిన వేసవిలోనే, ప్రకటన వెలువడక ముందే పూర్తిచేసుకుంటే ఆప్షన్ల వరుస రాయడం తేలికవుతుంది.